మీ ఊళ్ళో డిజైనర్ల యూజర్ గ్రూప్: ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: కరీంనగర్‌లో కోరల్‌డ్రా, ఫోటోషాప్, ఇన్‌డిజైన్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్ల మీద పనిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరి షాపు వాళ్ళది, ఎవరి తంటాలు వాళ్ళవి. అందర్నీ ఒకచోట చేర్చాలని వాట్సాప్ గ్రూపు పెట్టారు. రెండు నెలలు తిరిగేసరికి అందులో గుడ్ మార్నింగ్ బొమ్మలు తప్ప ఏమీ మిగల్లేదు. నెలనెలా కలిసే యూజర్ గ్రూప్ కట్టాలంటే ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి, ఎవర్ని పిలవాలి, మొదటి మీటింగ్‌లో ఏం చెప్పాలి అని అడిగారు.

సూటిగా జవాబు చెప్తాను. ఏడెనిమిది మందికి మీరే స్వయంగా ఫోన్ చేయండి. నెలలో ఒక రోజు ఖాయం చేసి, ఏం జరిగినా ఆ రోజు మార్చకండి. వచ్చే ప్రతి మనిషినీ తన దగ్గర ఆగిపోయిన ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో తెమ్మనండి. రెండు గంటలు ఆ ఫైళ్ళ మీదే కూర్చోండి. మొదటి ఆరు నెలలు ఉపన్యాసాలు, బ్యానర్లు, ముఖ్య అతిథులు ఏమీ పెట్టుకోవద్దు.

నేను విజయవాడలో ఇరవై రెండేళ్ళుగా డీటీపీ, పుస్తకాల లేఅవుట్ పని చేస్తున్నాను. పదకొండేళ్ళుగా మేం ప్రతి నెలా రెండో ఆదివారం కలుస్తున్నాం. అంతకు ముందు ఒకసారి మొదలుపెట్టి పూర్తిగా చెడగొట్టుకున్నాను కాబట్టి రెండు రకాల అనుభవమూ ఉంది.

మొదటిసారి ఏం చేశానంటే, ఒక హాలు అద్దెకి తీసుకున్నాను, ఫ్లెక్స్ కట్టించాను, ఫోటోషాప్ లేయర్ల మీద మూడు గంటలు నేనే మాట్లాడాను. నలభై మంది వచ్చారు. బాగుందన్నారు, ఫోటోలు దిగారు. రెండో నెల తొమ్మిది మంది వచ్చారు. మూడో నెల ఇద్దరు. చాలా బాధపడ్డాను, మన ఊరివాళ్ళకి నేర్చుకోవాలని లేదనుకున్నాను. తప్పు నాదేనని అర్థం కావడానికి ఏడాది పట్టింది. పాఠం యూట్యూబ్‌లో దొరుకుతుంది, అదీ నాకంటే బాగా చెప్పేవాళ్ళ దగ్గర. దాని కోసం ఆదివారం నిద్ర మానుకుని ఎవరూ రారు. కానీ సోమవారం పొద్దున అచ్చుకోసం ప్రింటింగ్ ప్లేటుకి వెళ్ళాల్సిన ఫైల్లో ఒత్తులు విడిపోతుంటే యూట్యూబ్ అక్కరకి రాదు. పక్కన కూర్చుని "ఏదీ, ఆ ప్యానెల్ తెరువు" అనే మనిషి కావాలి. ఆ మనిషి దొరికే చోటు కట్టడమే మన పని.

రెండోసారి ఏడుగురితో, ఒక బైండింగ్ షాపు పైగదిలో మొదలుపెట్టాం. ఆ రోజు జరిగింది కాస్త వివరంగా చెప్తాను, గ్రూపు నడిచే తీరు అందులోనే ఉంది.

పేజ్‌మేకర్ అనే పాత పేజీల సాఫ్ట్‌వేర్ మీద పాతికేళ్ళు పనిచేసిన పెద్దాయన ఒకరు వచ్చారు. అను ఫాంట్లతో చేసిన మూడొందల పేజీల పుస్తకం తెచ్చారు. పబ్లిషర్ దాన్ని ఈబుక్ చెయ్యాలన్నాడట. అను ఫాంటు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుని తెలుగుగానే గుర్తించే పద్ధతి) కాదు. తెలుగు అక్షరాల ముక్కల్ని ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టి చూపించే ఏర్పాటు అది. ఫాంటు తీసేస్తే తెరమీద అర్థంలేని రోమన్ అక్షరాలే మిగులుతాయి. యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేస్తే తెలుగంతా చక్కగానే వచ్చింది కానీ మధ్యమధ్య ఉన్న ఇంగ్లిష్ మాటలన్నీ పిచ్చి తెలుగుగా మారిపోయాయి. కన్వర్టర్‌కి ఏది నిజం ఇంగ్లిషో, ఏది తెలుగు ముక్కో తెలియదు కదా. ఆయన వారం రోజులుగా చేత్తో వెతికి దిద్దుతున్నారు.

మాలో ఒక కుర్రాడు, అప్పటికి రెండేళ్ళ అనుభవం కూడా లేదు, అన్నాడు: "బాబాయ్, కన్వర్ట్ చేశాక దిద్దడం ఎందుకు? ముందే ఇన్‌డిజైన్‌లో ఫాంటు పేరుతో వెతికిద్దాం. ఇంగ్లిష్ ఫాంటులో ఉన్న ప్రతి మాటకీ అటూ ఇటూ ఒక గుర్తు పెట్టిద్దాం. ఆ గుర్తుల మధ్య ఉన్నదాన్ని కన్వర్టర్‌కి ఇవ్వకుండా ఉంటే సరిపోతుంది." పేజ్‌మేకర్ ఫైలు ఇన్‌డిజైన్‌లో తెరవాలంటే సీఎస్6 వెర్షన్ గానీ అంతకు ముందుది గానీ ఉండాలి, తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లు దాన్ని తెరవవు. అదృష్టం, ఒకరి ల్యాప్‌టాప్‌లో సీఎస్6 ఉంది. గంటన్నరలో పని అయిపోయింది.

తర్వాత పెద్దాయన వంతు. అదే కుర్రాడు చేసిన కవితల పుస్తకం ప్రూఫు చూసి, ఒక వరుస మీద వేలు పెట్టారు. పై వరుసలో "క్ష్మ" కింద ఒత్తు, కింది వరుసలో "కీ" మీది గుడికి తగులుతోంది. "పన్నెండు పాయింట్ల అక్షరానికి పద్నాలుగు లీడింగ్ (వరుసల మధ్య దూరం) పెట్టావు. ఇంగ్లిష్‌కి చాలు. మనకి కింద ఒత్తు, పైన గుడి రెండూ ఉన్నాయి. పదహారున్నర, పదిహేడు పెట్టి చూడు" అన్నారు. మార్చాం. పేజీ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నట్టు విచ్చుకుంది. ఆ కుర్రాడు ఆ పేజీని అలా చూస్తూ ఉండిపోయాడు.

ఆ రోజు ఎవరూ గురువు కాదు, అందరూ ఏదో ఒకటి ఇచ్చారు, ఏదో ఒకటి తీసుకెళ్ళారు. ఏడుగురిలో ఆరుగురు ఇప్పటికీ వస్తున్నారు. అందుకే పిలిచేటప్పుడు పని బాగా వచ్చినవాళ్ళనే ఏరుకోకండి. వెడ్డింగ్ కార్డులు చేసేవాళ్ళు ఇద్దరు, ఫ్లెక్సుల వాళ్ళు ఇద్దరు, పుస్తకాల పని చేసేవాళ్ళు ఒకరు, ప్రెస్‌లో మెషిన్ దగ్గర నిలబడే మనిషి ఒకరు తప్పకుండా ఉండాలి. ఆ చివరి మనిషిని అందరూ మర్చిపోతారు. డిజైనర్ తెరమీద చూసి సంతోషపడేదాన్ని కాగితం మీద చూసి బాధపడేది అతనే.

మాకు ఆ విషయం ఒక సావనీర్ వల్ల తెలిసింది. డిజైనర్ లోపలి మేటరంతా ఫోటోషాప్‌లోనే కంపోజ్ చేసి ఇచ్చాడు. తెరమీద నల్లగా ఉన్న అక్షరం ఆర్జీబీ నలుపు, అంటే తెర రంగుల నలుపు. దాన్ని మామూలు సెట్టింగుతో అచ్చు రంగుల పద్ధతి సీఎంవైకేకి మార్చితే సయాన్ 75, మెజెంటా 68, యెల్లో 67, బ్లాక్ 90 అవుతుంది. అంటే పది పాయింట్ల చిన్న అక్షరం నాలుగు ప్లేట్ల మీద కూర్చుంది. మెషిన్ మీద కాగితం వెంట్రుకవాసి కదిలినా తలకట్లకి రంగు నీడలు పడతాయి. ప్రెస్‌లో మెషిన్ నడిపే అన్న ఆ షీటు తెచ్చి, లెన్స్ ఇచ్చి అందర్నీ వరసగా చూడమన్నాడు. ఆ నెల నుంచి మా వాళ్ళెవరూ అలాంటి ఫైలు ఇవ్వలేదు. ఇన్‌డిజైన్‌లో షిఫ్ట్ ఎఫ్6 నొక్కితే ఏ ప్లేటు మీద ఏముందో చూపించే సెపరేషన్స్ ప్రివ్యూ వస్తుంది, ప్లేటుకి ముందు అది చూడటం అందరికీ అలవాటైంది. నేను గంటసేపు చెప్పినా ఇంత పని జరిగేది కాదు.

గదిలో మీరు చెయ్యాల్సింది, పని బాగా వచ్చినవాడి చెయ్యి పట్టుకుని ఆపడం. మా దగ్గర ఒకటే గట్టి నియమం: ఫైలు ఎవరిదో మౌస్ వాళ్ళ చేతిలోనే ఉండాలి. తెలిసినవాడికి ఓపిక ఉండదు. మౌస్ లాక్కుని, నాలుగు షార్ట్‌కట్లు కొట్టి, పది సెకన్లలో బాగుచేసి "అయిపోయింది" అంటాడు. కూర్చున్న మనిషికి ఏమీ అర్థం కాదు, మళ్ళీ అడగడానికి సిగ్గు. మళ్ళీ నెల రాడు. నోటితో చెప్పండి, చేత్తో వద్దు. "టైప్ మెనూ తెరువు, ఇంకా కిందికి, అదిగో" అని చెప్తే పది నిమిషాలు పడుతుంది. పట్టనివ్వండి.

ఇంకో పని, ఎవరు దేని దగ్గర ఆగిపోయారో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. నేను తేదీ, పేరు, సమస్య, సాఫ్ట్‌వేర్ వెర్షన్ రాస్తాను. పది రోజుల తర్వాత ఒక ఫోన్: "ఆ క్యాలెండర్ పని అయిందా?" ఈ ఫోనే గ్రూపుని బతికించేది. మనిషి తిరిగి రావడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే గట్టి కారణం లేదు.

మొదటి రెండు మూడు నెలల్లో మీకు ఖాయంగా ఎదురయ్యే ప్రశ్న ఒకటి చెప్పి ఉంచుతాను, సిద్ధంగా ఉండండి: "యూనికోడ్ పెడితే ఒత్తులు విడిపోతున్నాయి." "స్త్రీ" అని మనకి కనిపించేది ఒక అక్షరం. కంప్యూటర్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి, మొత్తం ఆరు. వాటిని కలిపి చూపించే పని సాఫ్ట్‌వేర్‌ది. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకుంటే కలుస్తాయి. ఏ డాక్యుమెంటూ తెరవకుండా ఆ మార్పు చేస్తే తర్వాత తెరిచే కొత్త ఫైళ్ళన్నింటికీ అదే వస్తుంది. కోరల్‌డ్రాలో ఎక్స్6 నుంచి ఈ సౌకర్యం ఉంది. పాత 11, 12, ఎక్స్3 వాడే షాపుల్లో ఎంత తన్నుకున్నా రాదు. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో మామూలుగానే వస్తుంది. ఈ ఒక్క సంగతి చూపించినందుకే మా దగ్గర నలుగురు సభ్యులు స్థిరపడ్డారు.

రోజు, వేళ గురించి. మన పనికి పంచాంగం ఉంది, దాన్ని చూసుకుని మొదలుపెట్టండి. మాఘ ఫాల్గుణాలు, వైశాఖం శుభలేఖల రోజులు. నవంబర్, డిసెంబర్ క్యాలెండర్లు, డైరీలు. ఎన్నికలొస్తే ఎవరికీ నిద్ర కూడా ఉండదు. మూఢం గానీ ఆషాఢం గానీ వచ్చినప్పుడు శుభలేఖల షాపులు ఖాళీగా ఉంటాయి. మొదటి మీటింగ్ అప్పుడు పెట్టండి. ఒకసారి మొదలయ్యాక మాత్రం సీజన్ ఉన్నా ఆపొద్దు. ముగ్గురొచ్చినా కూర్చోండి. మా గదిలో ఎన్నికల నెలలో నేనూ ఇంకొకాయనా ఇద్దరమే కూర్చున్నాం. "ఈసారి జనం లేరు, వచ్చే నెల చూద్దాం" అని ఒక్కసారి అంటే, ఆ తర్వాత ప్రతివాడూ బయల్దేరేముందు "ఉందా లేదా" అని ఫోన్ చేస్తాడు. అక్కడే సగం మంది జారిపోతారు.

వేళ మీరు ఒక్కరే నిర్ణయించొద్దు. మొదట్లో మేం సాయంత్రం ఆరింటికి కలిసేవాళ్ళం, ఆడవాళ్ళు ఒక్కరూ వచ్చేవాళ్ళు కాదు. డీటీపీ సెంటర్లలో కంపోజింగ్ చేసేవాళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళున్నారో మనకి తెలుసు. ఒక అక్కని అడిగితే చెప్పింది: "పొద్దున వంట, రాత్రి అయితే బస్సు. మూడింటి నుంచి అయిదింటి దాకా పెట్టండి, వస్తాం. గది దగ్గర బాత్రూమ్ ఉండేట్టు చూడండి." మూడింటికి మార్చాం, గది కూడా మార్చాం. ఇప్పుడు మాలో మూడోవంతు వాళ్ళే. తెలుగు టైపింగ్‌లో, ప్రూఫు పట్టడంలో వాళ్ళ ముందు మేం నిలబడలేం.

యజమానులు, ఆపరేటర్లు ఒకే గదిలో కూర్చోవడం సున్నితమైన సంగతి. యజమాని ఎదురుగా ఆపరేటర్ "నాకిది రాదు" అనలేడు. మరోపక్క యజమానికి తన మనిషిని ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని భయం. ఆ భయం ఉత్తదే అనలేను. మా రెండో ఏడాది ఒక షాపాయన మీటింగ్‌లోనే ఇంకో షాపు కుర్రాడికి రెండు వేలు ఎక్కువిస్తానన్నాడు. మర్నాటికల్లా ఊరంతా తెలిసింది. మూడు షాపుల వాళ్ళు అయిదు నెలలు రాలేదు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి కూర్చుని మాట్లాడి తెచ్చుకోవాల్సి వచ్చింది. అప్పట్నుంచి గదిలో మూడు మాటలు ఎత్తకూడదు: రేట్లు, కస్టమర్లు, ఉద్యోగాలు. బయట టీ బడ్డీ దగ్గర వాళ్ళిష్టం. తెచ్చే ఫైల్లో కస్టమర్ పేరు, ఫోన్ నంబరు తీసేసి తెమ్మని కూడా చెప్పండి. కస్టమర్ నమ్మి ఇచ్చిన మేటర్ అది.

క్రాక్ సాఫ్ట్‌వేర్ (కొనకుండా దొంగతనంగా వాడేది) సంగతి అడగలేదు గానీ మొదటి నెలలోనే వస్తుంది, కాబట్టి చెప్పాలి. "అన్నా, ఫుల్ వెర్షన్ ఎవరి దగ్గరైనా ఉందా" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఎవరి మెషిన్‌లో ఏముందో నేను వెతకను. కానీ గ్రూపు పేరుతో క్రాకులు, కొనాల్సిన ఫాంట్లు పంచుకోవడం మాత్రం ఒప్పుకోను. చట్టం ఒక కారణం. ఆ ఫైళ్ళతోపాటు వైరస్ వచ్చి ఒకాయన ఆరేళ్ళ శుభలేఖల డిజైన్లు పోగొట్టుకోవడం కళ్ళారా చూడటం ఇంకో కారణం. ప్రత్యామ్నాయం చూపించకుండా వద్దంటే సరిపోదు. మేం ఏటా రెండు ఆదివారాలు ఉచిత సాఫ్ట్‌వేర్లయిన ఇంక్‌స్కేప్‌కీ, స్క్రైబస్‌కీ కేటాయిస్తాం. అందరం ఒకే కరపత్రాన్ని అందులో చేసి చూస్తాం, ఎక్కడ ఇబ్బందో నిజాయితీగా చెప్పుకుంటాం. ఫాంట్ల విషయంలో మనకి మంచి ఆస్తే ఉంది. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన మండలి, మల్లన్న, రామభద్ర, గిడుగు, సురవరం, పొన్నాల లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. గ్రూపు డ్రైవ్‌లో పెట్టుకుని హాయిగా పంచుకోవచ్చు. మొదటి మీటింగ్‌కి ఆ ఫోల్డర్ సిద్ధం చేసి ఉంచండి, వచ్చినవాళ్ళు వట్టి చేతులతో వెళ్ళరు.

డబ్బు గురించి ఎక్కువ ఆలోచించకండి. మేం మనిషికి యాభై రూపాయలు వేసుకుంటాం. టీ, పునుగులు, గది ఊడ్చే ఆమెకి కొంత. లెక్క ఆ సాయంత్రమే గ్రూపులో పెడతాం, అయిదు రూపాయలు మిగిలినా సరే. ఇంకు డీలర్లు, పేపర్ డీలర్లు స్పాన్సర్ చేస్తామని వస్తారు. మొదటి ఏడాది ఒప్పుకోవద్దు. ఒకసారి ఒప్పుకుంటే మన రెండు గంటల్లో నలభై నిమిషాలు వాళ్ళవి. సొసైటీ రిజిస్ట్రేషన్ కూడా ఇప్పుడే అక్కర్లేదు. 2001 నాటి చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చేయించుకోవచ్చు, కానీ గ్రూపు పేరుతో బ్యాంకు ఖాతా అవసరమైన రోజున చూసుకోవచ్చు. ముందే చేస్తే అధ్యక్షుడెవరు, కార్యదర్శి ఎవరు అన్న దగ్గరే ఆగిపోతారు.

కంపెనీలతో అనుబంధం పెట్టుకోవచ్చా అని కూడా ఆలోచిస్తూ ఉంటారు. ఆటోడెస్క్ సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్ళకి ఆగీ అనే అంతర్జాతీయ యూజర్ గ్రూప్ ఉంది, ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి ఫ్రెండ్స్ ఆఫ్ ఫిగ్మా పేరుతో ఊళ్ళవారీగా గ్రూపులున్నాయి. మంచివే. అయితే మన ఊళ్ళలో ఒక్క సాఫ్ట్‌వేర్ మీదే బతికేవాడు తక్కువ. బొమ్మ ఫోటోషాప్‌లో, అక్షరాలు కోరల్‌లో, పుస్తకం ఇన్‌డిజైన్‌లో. అందుకని మొదట పని పేరుతో కలవండి, సాఫ్ట్‌వేర్ పేరుతో తర్వాత.

ఆగిపోయిన మీ వాట్సాప్ గ్రూపుని తీసెయ్యకండి. అడ్మిన్ మాత్రమే రాసేట్టు మార్చి, తేదీ, చోటు, లెక్క చెప్పడానికి ఉంచుకోండి. ప్రశ్నలకి వేరే గ్రూపు పెట్టి, మీటింగ్‌కి ఒక్కసారైనా వచ్చినవాళ్ళనే చేర్చండి. ముఖం తెలిసిన చోట గుడ్ మార్నింగ్ బొమ్మలు వాటంతటవే తగ్గుతాయి. ప్రశ్న అడిగేవాళ్ళు సాఫ్ట్‌వేర్ వెర్షన్ రాయాలి, స్క్రీన్‌షాట్ పెట్టాలి. ఫైలు పంపితే ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి. ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, అసలు లోపం కనపడదు.

ఇంకొక్క మాట. రెండో మనిషిని మొదటి రోజే చూసుకోండి. తాళంచెవి, ప్రొజెక్టర్, నోటు పుస్తకం మీ ఒక్కరి దగ్గరే ఉంచుకోవద్దు. నాలుగేళ్ళ క్రితం మా అమ్మకి ఆపరేషన్ అయి నాలుగు నెలలు నేను వెళ్ళలేకపోయాను. ఇందాక చెప్పిన కుర్రాడే గది తెరిచాడు, ఫోన్లు చేశాడు. నేను తిరిగి వెళ్ళేసరికి నాకు తెలియని ముఖాలు ఆరు ఉన్నాయి. ఒకమ్మాయి నన్ను కొత్తవాణ్ణనుకుని "ఫైలు తెచ్చారా అన్నా?" అని అడిగింది. చాలా సంతోషమేసింది. ఇప్పుడు నెలకొకరు నడిపిస్తున్నారు, నా వంతు ఏడాదికి ఒకసారో రెండుసార్లో వస్తుంది.

మీరు ఈ వారంలో చెయ్యగలిగింది: ఎనిమిది పేర్లు రాసుకోండి, అందులో ప్రెస్ మెషిన్ మనిషి ఒకరు, కంపోజింగ్ చేసే ఆడవాళ్ళు ఇద్దరు ఉండేట్టు చూసుకోండి. మెసేజ్ పెట్టకుండా ఫోన్ చేసి, "మీ దగ్గర ఆగిపోయిన పని ఏదైనా ఉందా?" అని అడగండి. గ్రూపు మాట ఆ తర్వాత ఎత్తండి. గదికి ముందు రోజే వెళ్ళి ప్లగ్గు పాయింట్లు లెక్కపెట్టుకోండి. పాత గదుల్లో ఒకటే ఉంటుంది, ఎనిమిది ల్యాప్‌టాప్‌లు వస్తాయి. పొడుగు వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సులు రెండు పట్టుకెళ్ళండి.